మొదటి పేరు ఆయనది

రాజ్‌కిశోర్ నగర్, బిలాస్‌పూర్
ఆగస్టు 9

వదినకి నీలవేణి నమస్కారాలు.

కవరు మీద మీ తమ్ముడి రాత కాకుండా నా రాత చూసి కంగారు పడకండి. మీకు చెవులు వినబడడం తగ్గిన దగ్గర్నుంచి నెలకో ఉత్తరం ఆయనే రాస్తున్నారు కదా, ఈ నెల ఆ పని నాకు పడింది. స్నానాల గదిలో జారి పడ్డారు. కుడి చేతికి పట్టు చిక్కడం లేదు. రైల్వే ఆసుపత్రిలో కొన్నాళ్లు ఉంచుకుని బాగానే చూశారు. మందులు కూడా అక్కడివే. ఇప్పుడు ఇంటికి తెచ్చేశాం. ఎక్కువగా పడుకునే ఉంటున్నారు.

చెయ్యి కుదురుకునేదాకా ఒక చిక్కు వచ్చిపడింది. ఆయనతో పనిచేసి రిటైరైన డ్రైవరు బంగార్రాజు గారు మీకు తెలుసు కదా. పోయిన ఏడాది ఆయనకి పోలీసులమని ఎవరో ఫోన్ చేసి, భయపెట్టి, ప్రావిడెంటు ఫండు డబ్బంతా ఊడ్చుకుపోయారు. అది విన్న మర్నాడే మీ తమ్ముడు బ్యాంకుకి వెళ్లి ఏటీఎం కార్డు కత్తిరింపించేశారు. ఫోన్లో డబ్బు పంపే ఏర్పాటు కూడా తీయించేశారు. ఖాతాలో నా పేరు రెండోదిగా ఉంది గానీ, నన్ను ఎవడైనా మాయ చేస్తాడేమోనని, తానుండగా తన సంతకం మీద తప్ప డబ్బు రాకుండా రాయించారు. ఆ రోజు జిలేబీలు పట్టుకుని ఇంటికొచ్చి, "మన డబ్బుకి జెండా ఊపీవోడిని నానొక్కడినే. ఇంకెవుడు ఊపినా బండి కదల్దు" అన్నారు. ముప్పై ఏళ్లు గూడ్సు గార్డుగా చేసిన మనిషి, ఆయన మాటలు అలాగే ఉంటాయి.

ఇప్పుడు ఆ చెయ్యి చెక్కు మీద సంతకం పెట్టలేదు. నెల మొదట్లో పెన్షను పడినట్టు ఆయన ఫోన్ మోగుతుంది, నేను చూసి పక్కన పెడతాను. ఆయన్ని లేపి కూర్చోబెట్టడానికి ఒక మనిషిని పెట్టుకున్నాం, ఇంకా వేరే ఖర్చులున్నాయి. అడగడానికి నోరు రావడం లేదు వదినా. రెండు నెలలకి ఏమైనా సర్దగలరా?

నీలవేణి

గరివిడి
ఆగస్టు 20

నీలవేణికి వదిన దీవెనలు.

నడుస్తున్న గూడ్సు బండి ఎక్కి దిగినవాడు స్నానాల గదిలో జారిపడ్డాడంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎదురింటి ప్రసూనకి చదివి వినిపిస్తే ఆ పిల్ల నవ్వింది. నేను మాత్రం కాసేపు ఏడ్చాను. హాస్టల్లో నూట యాభై మంది పిల్లలకి వండి పెట్టిన దాన్ని, వాడికి ఒక్క పూట గంజి కాచి పోయలేకపోతున్నాను. నా తుంటి ఎముక అతుక్కుంటోంది గానీ ఇంకా వాకర్ పట్టుకుని వీధి గుమ్మం దాకానే నా రాజ్యం. లేకపోతే ఈపాటికి మీ ఊరి మీదుగా పోయే కోర్బా బండి ఎక్కేసి ఉందును.

అడగడానికి నోరు రాలేదని రాశావు. పరాయిదాన్నా నేను? దీనితో నలభై వేలకి చెక్కు పెట్టాను. తమ్ముడి పేరునే రాశాను. డబ్బు నీ పేరున పంపిస్తే, మంచాన పడ్డానని పెళ్లాం చేత అడిగించానని వాడు మనసు చిన్నబుచ్చుకుంటాడు. వాడి సంగతి నాకు తెలియనిదా? తిరిగిస్తామని మాత్రం అనకండి.

కుడిచెయ్యి కాకపోతే ఎడంచెయ్యి ఉంది కదా. ఎడంచేత్తో రెండు గీతలు గీసి పంపమను. కాకి గీతలైనా సరే, నాకు అర్థమవుతాయి.

అప్పలనర్సమ్మ

రాజ్‌కిశోర్ నగర్, బిలాస్‌పూర్
సెప్టెంబరు 2

వదినకి నమస్కారాలు.

మీ చెక్కు చూసి దేవుడి దగ్గర పెట్టాను. మళ్లీ తీసి ఈ కవరులోనే పెట్టి పంపుతున్నాను. కోప్పడకండి, చివరిదాకా చదవండి.

ఆ చెక్కు ఆయన పేరున ఉంది కాబట్టి ఆయన ఖాతాలోనే పడుతుంది. అందులోంచి నేను తీసుకోలేను. మా బ్యాంకులో రాకేష్ అని ఒక ఆఫీసరున్నాడు, కరీంనగర్ కుర్రాడు. తెలుగువాడు దొరికాడని ప్రాణం లేచివచ్చి అంతా చెప్పుకున్నాను. కుర్చీ వేయించి మంచినీళ్లు ఇప్పించాడు. కంప్యూటర్లో చూసి, "అమ్మా, మొదటి పేరు సార్‌ది. సార్ ఉన్నన్ని రోజులు సారే తియ్యాలె. తరువాత మీకే వస్తయి" అన్నాడు. ఆ మాట అన్నాక అతనే తల దించుకున్నాడు.

బయటికొచ్చి ఆటో ఎక్కడం మరిచిపోయి సర్కండా వంతెన దాకా నడిచాను. మనిషి ఉంటే డబ్బు లేదు, మనిషి పోతే డబ్బుంది. ఇదేం లెక్క వదినా? మనిషిని ఉంచుకోవడానికే కదా నేను డబ్బు అడుగుతున్నది.

నాకు విడిగా చిన్న ఖాతా ఒకటుంది. దయచేసి చెక్కు నా పేరున మార్చి పంపండి. మీ తమ్ముడు ఎడంచేత్తో రాయడానికి సిగ్గుపడుతున్నారు. అప్ప కులాసాయేనా, తుంటి నొప్పి తగ్గిందా అని రాయమన్నారు.

నీలవేణి

గరివిడి
సెప్టెంబరు 14

నీలవేణికి.

చెక్కు అందింది. నా దగ్గరే ఉంచాను.

అరవై ఏళ్లలో నా తమ్ముడు నన్ను కులాసాయేనా అని ఒక్కసారి కూడా అడగలేదు. వాడి ఉత్తరం ఎప్పుడు విప్పినా మొదటి మాట "అప్పా, ఉన్నావా పోయావా?" అనే ఉంటుంది. ఆ తరువాతే మిగతా కబుర్లు. ఇన్నేళ్లు కాపురం చేశావు, నీకు తెలియకపోవడమేమిటి? తెలిస్తే ఈ మాట వాడు చెప్పాడని ఎందుకు రాశావు?

ఇంకొకటి. ప్రసూన తన ఫోన్లో వాడి ముఖం చూపిస్తానని మూడుసార్లు చేసింది. నువ్వు ఎత్తలేదు. నాలుగోసారి ఎత్తి, "నిద్రపోతున్నారు" అని పెట్టేశావట. పట్టపగలు పదకొండు గంటలకి.

నేను చెవిటిదాన్నే గానీ గుడ్డిదాన్ని కాదు. మీకు పిల్లలు లేరు. వాడి తరువాత ఆ డబ్బు నీదే, నేను వచ్చి వాటా అడగను. కానీ వాడు ఉండగానే ఆ డబ్బు ఎలా చేతికొస్తుందా అని నువ్వు బ్యాంకు చుట్టూ తిరుగుతుంటే, వాడి పేరున నేను పెట్టిన చెక్కు నీ పేరున మార్చమంటుంటే, నాకు ఏం తోచాలి? కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకోవాలి?

ఉత్తరం కింద వాడి వేలిముద్ర వేయించి పంపు. అప్పుడు మాట్లాడదాం.

అప్పలనర్సమ్మ

రాజ్‌కిశోర్ నగర్, బిలాస్‌పూర్
సెప్టెంబరు 27

వదినా,

నా మీద మీరు అనుకున్నది చదివి రెండు రోజులు అన్నం తినలేదు. తరువాత, నాకు తగిన శాస్తే అనిపించింది. నేను అబద్ధం రాశాను. మీరు రాలేని స్థితిలో ఉన్నారు, ఒంటరిగా ఉన్నారు, రక్తపోటు ఉంది, ఉన్నది ఉన్నట్టు రాస్తే మీకేమవుతుందోనని. నయమయ్యాక చెప్పి నవ్వుకోవచ్చని కూడా అనుకున్నాను. నయమవలేదు.

ఆయన జారి పడలేదు. మెదడులో నరం చిట్లింది. పడిన రోజు నుంచి స్పృహలో లేరు. కళ్లు తెరుస్తారు, ఫ్యాను వైపు చూస్తారు. నేను పిలిస్తే తెలియదు. ముక్కులోంచి గొట్టం వేసి పాలు, జావ పోస్తున్నాం. గొంతులో కఫం అడ్డుపడితే పీల్చే మిషను ఒకటి అద్దెకి తెచ్చాను, అది రోజుకి ఎన్నోసార్లు పెట్టాలి. పగలు మనిషి ఉంటుంది. నా మెడలోవి, చేతివి తాకట్టులో ఉన్నాయి. శివాజీ అన్నయ్య, అదే రైల్వేలో ఆయనతో ఒకే సెక్షన్లో పనిచేసిన పాత నేస్తం, ఇచ్చినన్నాళ్లు ఇచ్చాడు. ఆ అన్నయ్య కోడలు ముఖం మాడ్చుకుంది. తప్పులేదు.

మీరు వేలిముద్ర అడిగారు. బ్యాంకువాళ్లూ అదే అడిగారు. మనిషికి తెలివి ఉండి సంతకం పెట్టలేకపోతే, ఆఫీసరే ఇంటికొచ్చి ఇద్దరు సాక్షుల ముందు వేలిముద్ర తీసుకోవచ్చట. రాకేష్ ఇంకో ఆఫీసరుని వెంటబెట్టుకుని వచ్చాడు. మంచం దగ్గర వంగి, "సార్, మీ ఖాతల నుంచి అమ్మకు డబ్బులు ఇయ్యమంటరా? జర తల ఊపుండ్రి సార్" అన్నాడు. మళ్లీ అడిగాడు. ఆయన చెయ్యి పట్టుకుని, వినబడితే నొక్కమన్నాడు. నేను పక్కన నిలబడి మొక్కని దేవుడు లేడు. మీ తమ్ముడు ఫ్యాను వైపే చూస్తున్నారు.

సాక్షిగా వచ్చిన శివాజీ అన్నయ్య ఉండబట్టలేక సిరా పెట్టె మూత తీసేశాడు. "ఏటి బాబూ, ఏలు ఆడిది, డబ్బూ ఆడిదే. ఒకపాలి ఒత్తీసి ఊరుకుందుం. ఎవులికి తెలుస్తాది?" అని ఆయన బొటనవేలు పట్టుకున్నాడు. రాకేష్ గోడ వైపు తిరిగిపోయాడు. ఒత్తేస్తే బాగుండుననే నేనూ అనుకున్నాను వదినా. రెండో ఆఫీసరు హిందీలో "రాకేష్, చలో" అన్నాడు. రాకేష్ వెనక్కి తిరిగి సిరా పెట్టె మూసేశాడు. "అన్నా, సార్‌కు తెలివి ఉన్నదని నేను రాయాలె. లేదని నాకు తెలుసు" అన్నాడు. నేను పెట్టిన టీ తాగకుండా వెళ్లిపోయాడు. అతన్ని తిట్టుకుందామని చూశాను, తిట్టు రాలేదు.

ఇక ఒక్కటే దారి, హైకోర్టు. ఆయన తరఫున నన్ను సంరక్షకురాలిగా నియమించమని అడగాలి. వకీలు చెప్పినదేమిటంటే, పిల్లలు లేరు కాబట్టి ఆయన తోడబుట్టినవాళ్లు అభ్యంతరం లేదని నోటరీ ముందు సంతకం చేసి ఇవ్వాలి. ఆయనకి తోడబుట్టినది మీరొక్కరే. కాగితం ఇందులో పెట్టాను. మీకు తెలియాలని తెలుగులో కూడా రాయించాను. మీరు సంతకం పెట్టినా కోర్టులో ఎన్నాళ్లు పడుతుందో తెలియదు. పెట్టకపోతే మొదలే అవదు.

మీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. "ఉన్నావా పోయావా" అనే చోట రెండుసార్లు చదివాను.

నీలవేణి

గరివిడి
అక్టోబరు 11

నా తల్లీ నీలవేణీ,

నిన్ను అన్న మాటలకి నా నోరు పడిపోను. నువ్వు నాకు చెప్పి ఉండాల్సింది. చెప్పలేదని తిట్టడానికి కూడా ఇప్పుడు ముఖం లేదు. చెక్కు నీ పేరున మార్చి పెట్టాను. మిషను, మనిషిని మానిపించకు.

కాగితం చదివాను. "నా తమ్ముడు పైడిరాజుకు మతి స్థిమితము లేదు, తన మంచి చెడ్డలు తాను తెలుసుకొనలేడు, తన వ్యవహారములు చక్కబెట్టుకొను శక్తి అతనికి తిరిగి వచ్చునను ఆశ లేదు." ఈ మూడోది నా చేత రాయిస్తారా? వాణ్ని నడుం మీద మోసి పెంచాను నేను. మా అమ్మ పోయేటప్పుడు వాడి చెయ్యి నా చేతిలో పెట్టి పోయింది. బతికున్నవాణ్ని లేనట్టేనని నేను సంతకం చేస్తే, అక్కడితో వాడు నిజంగా పోతాడేమోనని భయంగా ఉంది. చదువుకున్న వాళ్లు నవ్వుతారు. నవ్వనీ.

ప్రసూన నాకు ఫోన్లో వాణ్ని చూపించింది. నువ్వు పక్కన నిలబడి ఉన్నావు. సగమైపోయావు. వాడు నా వైపే చూసినట్టు అనిపించింది. ప్రసూన కాదంది. నాకు అనిపించింది.

పైడితల్లి పండగ దగ్గరికొచ్చింది. అమ్మవారికి ముడుపు కట్టాను. ఆ పండగ వెళ్లేదాకా నన్ను ఆ కాగితం అడగకు. అమ్మ దయ తలిస్తే కోర్టు అవసరమే ఉండదు.

అప్పలనర్సమ్మ

రాజ్‌కిశోర్ నగర్, బిలాస్‌పూర్
నవంబరు 10

వదినా,

పండగ వెళ్లింది. దీపావళి కూడా వెళ్లింది. అడగొద్దన్నారని అడగలేదు.

మీ డబ్బు వచ్చిన మర్నాడే పాత అద్దె బాకీలు తీర్చాను, మనిషికి ఇచ్చాను. అయిపోవచ్చింది. మిషను కొట్టువాడు మంచివాడే, "మాతాజీ, అద్దె లేకపోతే నేనేం చెయ్యను, మస్తూరీ నుంచి ఇంకో పేషెంటు వాళ్లు అడుగుతున్నారు" అంటున్నాడు. ఈ నెల పెన్షను కూడా పడింది. ఆయన ఫోన్ మోగింది.

ఆశ లేదని సంతకం పెట్టమంటున్నది ఆశ వదులుకోవడానికి కాదు. ఆయన డబ్బు ఆయనకి ఖర్చు పెట్టడానికి. ఇంతకంటే ఎలా చెప్పాలో నాకు రావడం లేదు. మీ కాళ్లు పట్టుకున్నాననుకోండి.

నీలవేణి

గరివిడి
నవంబరు 24

నీలవేణీ,

సంతకం పెట్టాను. ఆటోలో చీపురుపల్లి వెళ్లి నోటరీ ముందు పెట్టాను. ఆయన చదవనా అన్నాడు. వద్దన్నాను. నా పేరు వంకరగా వచ్చింది, మీ కోర్టు ఒప్పుకుంటుందో లేదో. ఒప్పుకోకపోతే మళ్లీ పంపు, మళ్లీ పెడతాను. వంద పెట్టమన్నా పెడతాను.

ఆలస్యం చేశాను తల్లీ. తెల్లారి లేచి ఆ కాగితం తీయడం, మళ్లీ మడిచి పెట్టడం, నెలన్నర ఇదే పని. స్పీడు పోస్టులో పంపుతున్నాను. వాడి చెవిలో చెప్పు, అప్ప సంతకం పెట్టింది గానీ ఆ మాట నమ్మి పెట్టలేదని.

అప్పలనర్సమ్మ

రాజ్‌కిశోర్ నగర్, బిలాస్‌పూర్
డిసెంబరు 22

వదినకి నమస్కారాలు.

శివాజీ అన్నయ్య ప్రసూనకి ఫోన్లో చెప్పినంతే మీకు తెలుసు. మిగతాది నేను రాయాలి.

నవంబరు ఇరవై ఐదో తారీకున కొట్టువాడు వచ్చి మిషను పట్టుకుపోయాడు. రెండు రోజులు తడిగుడ్డతోనూ వేలితోనూ కఫం తీశాను. ఇరవై ఏడున మధ్యాహ్నం ఊపిరి గురగురలాడింది. అంబులెన్సు వచ్చేసరికి ఆగిపోయింది. మిషను ఉన్నా ఆగేది కాదని రైల్వే ఆసుపత్రి డాక్టరు అన్నాడు. ఆ మాట మీ కోసం రాస్తున్నాను. నేను నమ్మానో లేదో అడగకండి. మీ కాగితం ఆ మర్నాడు, ఆయన్ని తీసుకెళ్లి వచ్చాక అందింది. సంతకం వంకరగా ఏమీ లేదు, బాగానే ఉంది.

మీ మీద కోపం ఉంది వదినా. అబద్ధం రాయడం మానేశాను కాబట్టి చెబుతున్నాను. నా మీద కూడా ఉంది. మొదటి ఉత్తరంలోనే నిజం రాసి ఉంటే మీకు ఏడవడానికీ, సంతకం పెట్టడానికీ నెలన్నర ఎక్కువ దొరికేది. ఈ కోపం ఎప్పుడు పోతుందో తెలియదు. తుంటి కుదిరాక రండి. నా కోపం పోకపోయినా రండి. నాకు ఇంకెవరున్నారు?

నిన్న బ్యాంకుకి వెళ్లాను. మరణపత్రం, నా ఆధార్, ఒక ఫోటో ఇచ్చాను. అంతే వదినా. కోర్టు లేదు, సాక్షులు లేరు, తల ఊపమని ఎవరినీ అడగలేదు. పాత పాసుబుక్కులో ఆయన పేరు మీద గీత కొట్టి, కొత్తది నా పేరున ఇచ్చారు. ఆయన పెన్షన్లన్నీ అందులో వరసగా ఉన్నాయి. రాకేష్ నా ముఖంలోకి చూడలేకపోతున్నాడు. డబ్బు తీసే కాగితం తానే నింపుతానని కలం తీసుకుని, "అమ్మా, ఎంత తీస్తరు?" అని అడిగాడు.

ఆగస్టు నుంచీ ఆ అంకె నా నోటి మీదే ఉండేది. మిషను అద్దె, మనిషి జీతం, పాలు, గొట్టాలు, నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. నిన్న ఎంత ఆలోచించినా నాకు ఎంత కావాలో తెలియలేదు. నా వెనక లైను పెరిగిపోయింది. ఎవరో "జల్దీ కరో మాతాజీ" అన్నారు.

"నువ్వే ఎంతో కొంత రాసెయ్యి బాబూ" అన్నాను.

నీలవేణి